ఫోన్ మోగితే షుగర్ తగ్గదు: సంఘం తీర్మానం మీద మా అభ్యంతరం



పోయిన ఆదివారం మీటింగులో యువజన విభాగం పిల్లలు ఒక ప్రతిపాదన పెట్టినారు. మన సంఘంలో షుగర్ ఉన్నవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు, వాళ్ళు వేసుకునే మాత్రలు అన్నీ ఒక యాప్‌లో ఎక్కిస్తారంట. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ఆ యాప్ నుంచి అందరికీ మెసేజ్ పోతుందంట. మాత్ర వేసుకోండి, నడవండి, స్వీటు తినొద్దండి అని. వేసుకున్నవాళ్ళు బటన్ నొక్కితే పచ్చ టిక్కు పడుతుంది. ఏడాదికి 18,000 రూపాయలు ఖర్చు. చేతులెత్తమంటే అందరూ ఎత్తినారు, మేము ఎత్తలేదు. వెనక వరుసలో ఎవరో "పెద్దాయనకు టెక్నాలజీ అంటే భయం" అన్నారు, పక్కనోళ్ళు నవ్వినారు. జవాబు చెప్పేదానికి అక్కడ టైం ఇవ్వలేదు గాబట్టి ఇక్కడ రాస్తున్నాం. కొంచెం పొడుగ్గానే ఉంటుంది. టీ పెట్టించుకొని చదవండి, చక్కెర తక్కువేయించుకొని.

మేము అని రాస్తే ఎవరెవరు అని అడుగుతారేమో. మా ఇంటామె, నేను. ఆమెకు 14 ఏండ్ల షుగర్, నాకు 17 ఏండ్లది. ఇద్దరిదీ కలిపితే 31 ఏండ్ల సర్వీసు. ఈ రాత ఇద్దరిదీ.

మొదట ఆ భయం సంగతి. అట్ట ముక్క టికెట్టును మిషన్లో దూర్చి తారీఖు అచ్చు కొట్టిన కాలంలో ఉద్యోగంలో చేరి, కంప్యూటర్ ముందర కూర్చొని రిటైరైనవాళ్ళం. కొత్త యంత్రం వచ్చినప్పుడల్లా నేర్చుకున్నాం. మాకు ఫోన్ అంటే భయం లేదు. జవాబు వినని పిలుపు అంటే భయం. ఎందుకు భయమో చెప్తాం.

మా అక్క సత్యనారాయణపేటలో ఉంటుంది. కొడుకు బెంగళూరులో. మంచి పిల్లోడు, తల్లి మీద ప్రాణం. పోయిన ఏడాది ఆమె షుగర్ ఎక్కువైందని డాక్టరు మాత్ర మార్చినారు. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ రెండూ కలిసిన మాత్ర. కొడుకు వచ్చి ఆమె ఫోన్లో ఒక యాప్ పెట్టి, పొద్దున ఎనిమిదికి మోగేటట్టు చేసిపోయినాడు. మోగుతుంది, "మాత్ర వేసుకునే సమయం" అని ఒక ఆడగొంతు చెప్తుంది, అక్క మాత్ర వేసుకొని బొత్తాం నొక్కుతుంది, బెంగళూరులో కొడుకు ఫోన్లో పచ్చ టిక్కు కనబడుతుంది. మూడు నెలలు బాగానే నడిచింది. మేమూ మెచ్చుకున్నాం, అబద్ధమెందుకు.

తొలి ఏకాదశి వచ్చింది. అక్క జీవితంలో ఏ తొలి ఏకాదశికీ పొయ్యి వెలిగించినామె కాదు. ఎనిమిదికి ఫోన్ మోగింది. కొడుకు పెట్టిన గంట, తప్పించకూడదు. ఉపవాసమూ తప్పించకూడదు. తులసి తీర్థంతో మాత్ర వేసుకొని బొత్తాం నొక్కింది. పదిన్నరకు పక్కింటి కోడలు పూల కోసం వచ్చి చూస్తే దేవుడి గదిలో గోడకు ఆనుకొని ఉంది. చీరంతా చెమట, చేతులు వణుకు, ఏం అడిగినా సంబంధం లేని మాట. ఆ కోడలు జీన్స్ కుట్టే యూనిట్‌లో పని చేస్తుంది, చదువు తక్కువ. ఐనా వాళ్ళ నాయనకు ఇట్లే ఐంది చూసినామె గాబట్టి, మింగగలుగుతోందని చూసుకొని, గ్లాసు నీళ్ళలో నాలుగు చెంచాల చక్కెర కలిపి మెల్లమెల్లగా తాగించింది. తర్వాత మేము పోయి ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయినాం. చక్కెర నీళ్ళు పడినాక కూడా అక్కడ చూస్తే 58.

మేనల్లుడికి ఫోన్ చేస్తే వాడు నమ్మలేదు. "మామా, పొద్దున నేను చూసినాను, పచ్చగానే ఉండింది" అన్నాడు.

వాడి తప్పేం లేదు. గ్లిమిపిరైడ్ జాతి మాత్రలు ఏం చేస్తాయంటే, ప్యాంక్రియాస్ నుంచి ఇన్సులిన్‌ను ఎక్కువగా బయటికి తీయిస్తాయి. కడుపులో అన్నం పడిందా లేదా అని ఆ మాత్ర చూసుకోదు. తిండి లేకుంటే రక్తంలో ఉన్న చక్కెర కిందికి పడిపోతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవాళ్ళకు మామూలుగా ఈ ప్రమాదం తక్కువ. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకు ఎక్కువ. అందుకే ఉపవాసానికి ముందు డాక్టరును అడిగి ఆ రోజు మాత్ర ఏం చేయాలో తెలుసుకోవాల. రంజాన్ నెల ముందర కౌల్ బజార్ పక్క చాలామంది డాక్టర్ల దగ్గరికి పోయి టైములు మార్పించుకుంటారు. మనవాళ్ళకు ఏకాదశికి, శివరాత్రికి ఆ అలవాటు లేదు. ఇది చదివి ఎవరూ సొంతంగా మాత్ర మానేయొద్దండి, మేము డాక్టర్లం కాదు.

మేము చెప్పేది ఆ ఎనిమిది గంటల సంగతి. ఆ గంటకు బదులు ఒక మనిషి ఫోన్ చేసి ఉంటే "అక్కా, మాత్ర వేసుకున్నావా" అని నేరుగా అడగడు. "టిఫిన్ ఐందా" అని మొదలుపెడతాడు. మన ఊర్లో ఏ ఫోన్ ఐనా ఆ మాటతోనే కదా మొదలయ్యేది! "ఈరోజు ఏకాదశి కదరా" అని అక్క అనేది. ఆ ఒక్క మాటతో సంగతి బయటపడేది. యాప్‌కు ఆ మాట వినే చెవి లేదు.

ఇప్పుడు తీర్మానం దగ్గరికి వస్తాం. దాని కింద ఒక నమ్మకం ఉంది. షుగర్ ఉన్నవాళ్ళు మాత్ర మర్చిపోతారు, మర్చిపోవడమే జబ్బు ముదరడానికి కారణం, గుర్తుచేస్తే సరిపోతుంది అని. ఇది నిజమా కాదా అని మేమిద్దరం వారం రోజులు సాయంత్రం నడకకు పోయినప్పుడు మనవాళ్ళ ఇండ్లలోనే 14 మందిని అడిగినాం. సర్వే కాదు, పలకరింపు. ఆ 14 మందిలో మర్చిపోయి మాత్ర తప్పిస్తున్నవాళ్ళు ముగ్గురే.

మిగిలినవాళ్ళ సంగతి వినండి. ఒకాయనకు నెల చివర పది రోజులు మాత్రలుండవు, జీతం వచ్చేదాకా ఆగుతాడు. జన ఔషధి కేంద్రంలో అదే మందు చాలా తక్కువ ధరకు దొరుకుతుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. మాకు రైల్వే ఆస్పత్రి ఉంది గాబట్టి మందుల షాపు బిల్లు చూసింది తక్కువ. ఆయన మాట విన్నాక సిగ్గేసింది. ఒకామెకు మెట్‌ఫార్మిన్ వేసుకుంటే కడుపు చెడుతుంది, బస్సులో పోయే రోజు వేసుకోదు. దానికి వేరే రకం మాత్ర ఉంటుంది, నిదానంగా కరిగేది, కానీ డాక్టరు దగ్గర విరేచనాల మాట ఎత్తడానికి ఆమెకు సిగ్గు. తోరణగల్లు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసే అబ్బాయికి వారానికొక షిఫ్టు, వాడికి పొద్దున అంటే ఏదో వాడికే తెలీదు. మూడు నెలల టెస్టు బాగా వచ్చిందని "తగ్గిపోయింది" అనుకొని ఆపేసినవాళ్ళు ఇద్దరు. మాత్రలతో కిడ్నీ పోతుందని యూట్యూబ్‌లో చూసి ఆకు పసరుకు మారినాయన ఒకరు. నిజానికి కిడ్నీని తినేది ఏండ్ల తరబడి తగ్గని షుగరే అని చెప్తే ఆయన మమ్మల్ని మందుల కంపెనీ ఏజెంట్లను చూసినట్టు చూసినాడు. ఇంకొక ఇంట్లో పెద్దామె మాత్ర వేసుకోదు, ఎందుకంటే కోడలికి తెలీకూడదు. ఇంకా ఉన్నారు, అందరివీ రాస్తే పుస్తకమౌతుంది.

వీళ్ళందరికీ పొద్దున, రాత్రి మెసేజ్ పంపితే ఏమౌతుంది? డబ్బు లేనాయనకు డబ్బు లేదని రోజుకు రెండుసార్లు గుర్తొస్తుంది. మతిమరుపు ఉన్న ముగ్గురికి ఫోన్లోనే అలారం ఉంది, పైసా ఖర్చు లేదు. మా ఇంటామె ఐతే మాత్రల అట్టను కాఫీ ఫిల్టర్‌కు రబ్బర్ బ్యాండేసి కట్టి పెడుతుంది. ఫిల్టర్‌ను మర్చిపోయే పొద్దు మా ఇంట్లో ఇంతవరకూ తెల్లారలేదు.

మీటింగులో ఒక పిల్లోడు చెన్నై పరిశోధన ఒకటి చూపించినాడు. చదువుకొని వచ్చినాడు, మెచ్చుకోవాల. ఆ మాట దాటేసి పోవడం న్యాయం కాదు. డాక్టర్ ఎ. రామచంద్రన్ గారి బృందం 2013లో లాన్సెట్ వాళ్ళ డయాబెటిస్ పత్రికలో అచ్చేసిన పరిశోధన అది. షుగర్ వచ్చే అంచున ఉన్న 537 మంది ఉద్యోగస్థులైన మగవాళ్ళను రెండు భాగాలు చేసి, ఒక భాగానికి రెండేండ్లు ఫోన్ మెసేజ్‌లు పంపినారు. మెసేజ్‌లు అందిన 271 మందిలో 50 మందికి, అందని 266 మందిలో 73 మందికి షుగర్ వచ్చింది. అంటే 18 శాతం, 27 శాతం. చిన్న తేడా కాదు. మెసేజ్‌కు బలం లేదని అంటే మేము అబద్ధమాడినట్టే.

కానీ పిల్లలు ఆ అంకెలు చూపించి ఆపేసినారు. ఆ 537 మంది ఇంకా జబ్బు రానివాళ్ళు. మాత్రలు వేసుకోమని కాదు ఆ మెసేజ్‌లు, తిండి, నడక గురించి. ఎవరికి ఏ వేళ అనుకూలమో కనుక్కొని, మనిషి మారే దశను బట్టి మాట మార్చి పంపినారు. రెండు భాగాల వాళ్ళకూ మొదట్లో ఎదురుగా కూర్చోబెట్టి సలహా చెప్పినారు, మధ్యమధ్యలో పిలిచి పరీక్షలు చేసినారు. మెసేజ్ వెనక ఒక మనిషి, ఒక బల్ల, ఒక కుర్చీ ఉన్నాయి. మన తీర్మానంలో ఆ కుర్చీ లేదు. అందరికీ ఒకే మాట, ఒకే వేళ, వెనక ఎవరూ లేరు. చెన్నై ఫలితం చూపించి ఈ సరుకు అమ్మితే, సూపర్‌ఫాస్ట్ చార్జీ తీసుకొని ప్యాసింజర్లో కూర్చోబెట్టినట్టు.

2016లో కేంద్ర ప్రభుత్వం కూడా ఎం-డయాబెటిస్ అని ఒకటి మొదలుపెట్టింది. మిస్డ్ కాల్ ఇస్తే ఉచితంగా మెసేజ్‌లు వచ్చేవి. ఉచితంగా వచ్చినదాన్ని మనలో ఎంతమంది వాడుకున్నాం? ఈ సంఘంలో దాని పేరు విన్నవాళ్ళు ఉంటే చెప్పండి. ఐసీఎంఆర్ వాళ్ళు 2023లో లెక్క చెప్పినారు, దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని. వాళ్ళందరి ఫోన్లలో బ్యాంకు, లోను, లాటరీ, ఓటీపీ మెసేజ్‌ల మధ్యలో ఆరోగ్యం మెసేజ్ కూడా ఒకటి పడి ఉంటుంది.

అది చదివేది ఏ భాషలో అన్నది ఇంకో గొడవ. మీటింగులో దీన్ని ఒక్క నిమిషంలో తేల్చేసినారు, "తెలుగులో పెడదాం" అని. చప్పట్లు కొట్టినారు. మన బళ్ళారి సంగతి మనకు తెలీనట్టే మాట్లాడితే ఎట్లా? 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయినాయి, బళ్ళారి మైసూరు పక్క వచ్చింది. అప్పటినుంచి మన ఇండ్లలో మాట తెలుగు, బడి కన్నడం. మన పిల్లల్లో సగం మందికి తెలుగు అక్షరం రాదు. తెలుగు మాటను కన్నడ అక్షరాల్లో రాసుకునే ఇండ్లు ఎన్ని లేవు? పెద్దవాళ్ళలో, ముఖ్యంగా ఆడవాళ్ళలో, ఏ అక్షరమూ రానివాళ్ళున్నారు. మా ఎదురింటి అవ్వది కీప్యాడ్ ఫోన్. అందులో తెలుగు మెసేజ్ తెరిస్తే వరసగా డబ్బాలు కనబడతాయి. "ఇదేంది నాయనా, ఇటుకలు పేర్చినట్టుంది" అని మాకు చూపించింది.

మా సంగతే చెప్తాం. మేము అరక్కోణం రైల్వే కాలనీలో తమిళ మీడియంలో చదువుకున్నవాళ్ళం. తెలుగు మాట్లాడటం అమ్మ నేర్పింది, చదవడం గుంతకల్లు ప్లాట్‌ఫారం బోర్డులు నేర్పినాయి. ఈ రోజుకూ మాకు ఒత్తులు అనుమానమే, ఈ రాత కూడా మా ఇంటామె ఒకసారి దిద్దింది. తమిళంలో రిమైండర్‌ను నినైవూట్టల్ అంటారు. నినైవు అంటే జ్ఞాపకం. ఊట్టడం అంటే తల్లి పిల్లకు ముద్ద కలిపి నోట్లో పెట్టడం. కన్నడంలో ఊట అన్నా అన్నమే కదా. ముద్ద పెట్టే తల్లి పిల్ల మింగిందా లేదా చూసి రెండో ముద్ద పెడుతుంది. పొలమారితే ఆపుతుంది.

మన ఊరికి మెసేజ్ పనికి రాదు, గొంతు పనికొస్తుంది. అదీ మన ఊరి గొంతు. "ఉపాహారం స్వీకరించారా" అని హైదరాబాదు టీవీ భాషలో రికార్డు పెడితే అవ్వ ఎవరో ఓట్లడిగేదానికి ఫోన్ చేసినారనుకుంటుంది. మీటింగులో చూపించిన నమూనా మెసేజ్ ఒకటి మాకు మరపురావడం లేదు. తెల్లన్నం బదులు కినోవా తినమని ఉంది. బ్రూస్‌పేటలో ఏ కిరాణా కొట్లో దొరుకుతుందో పిల్లలే చెప్పాల. మన అవ్వతాతలు జొన్నరొట్టె, కొర్రన్నం తిన్నవాళ్ళు. తుంగభద్ర నీళ్ళొచ్చి వరి పండినాక మూడు పూటలా తెల్లన్నానికి అలవాటు పడినాం. మెసేజ్ రాసేవాడికి ఈ సంగతి తెలిసుంటే "రాత్రికి ఒక జొన్నరొట్టె, పుండికూర" అని రాస్తాడు. పొద్దున ఉగ్గాని తింటే పక్కన మిరపకాయ బజ్జీలు నాలుగు కాదు ఒకటి అని రాస్తాడు. ఉగ్గాని మానేయమని మాత్రం రాయొద్దు, ఎవరూ వినరు. మేమూ వినం.

ఇంకొకటుంది, అది చిన్న విషయం కాదు. ఆ యాప్‌లో "ఈ రోజు మాత్ర వేసుకోనివారు" అని ఒక జాబితా వస్తుందంట, దాన్ని గ్రూపులో పెడితే సిగ్గుతోనైనా వేసుకుంటారని ఒక పెద్దమనిషి అన్నాడు. నవంబరు 14న మనం పెట్టిన షుగర్ క్యాంపు గుర్తుందా? రిజిస్టర్ పేజీ ఫోటో తీసి ఎవరో గ్రూపులో వేసినారు, పేర్లు, అంకెలతో సహా. సేవ చేస్తున్నాం అనుకొనే వేసినారు. ఆ పేజీలో ఒక ఆడపిల్ల పేరుంది, ఆ పిల్లకు అప్పుడే సంబంధం మాట్లాడుతున్నారు. తర్వాత ఏమైందో ఆ ఇంటివాళ్ళు మనకు చెప్పలేదు, మనం అడగనూ లేదు. కానీ ఆ ఇంటివాళ్ళు అప్పటినుంచి సంఘం గడప తొక్కలేదు. కోడలికి తెలీకూడదని మాత్ర వేసుకోని ఆమె గురించి పైన రాసినాం. ఆమె పేరు ఒక్కసారి గ్రూపులో పడితే ఆమె ఇంక మాత్ర కాదు, టెస్టు కూడా మానేస్తుంది. ఒకరి షుగర్ అంకె సంఘం ఆస్తి కాదు. ఈ విషయంలో మేము మెజారిటీకి కూడా ఒప్పుకోం.

సరే, అన్నీ వద్దంటున్నారు, మరేం చేయాల అని అడుగుతారు. రైల్వేలో ఉన్న ఒక పాత పద్ధతి చెప్తాం.

మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో గుంతకల్లులో కాల్ బాయ్ అని ఒక ఉద్యోగముండేది. పేరుకు బాయ్, మనిషికి యాభై ఏండ్లు. రాత్రి ఒంటిగంటకు గూడ్సు బండి పట్టుకోవాల్సిన డ్రైవరును, గార్డును లేపడం ఆయన పని. సైకిలెక్కి రైల్వే క్వార్టర్స్‌కు పోయి తలుపు కొట్టి, పేరు పెట్టి పిలిచి, కాల్ బుక్‌లో టైం వేసి సంతకం చేయించుకొని వస్తాడు. ఆ ఇంట్లో అలారం గడియారం లేకనా? ఉంది. ఐనా రైల్వే ఒక మనిషికి జీతమిచ్చి పంపేది. ఎందుకంటే ఆయన తెచ్చేది సంతకం ఒక్కటే కాదు. "డ్రైవరుకు జ్వరం, నిలబడలేకున్నాడు" అన్న వార్త కూడా ఆయనే తెచ్చేవాడు. అప్పుడు వేరే డ్రైవరును లేపేవాళ్ళు. ఇప్పుడు ఆ పని ఫోన్లు చేస్తున్నాయి, మంచిదే. ఐనా ఎదుటివాడు సరే అన్నాడా లేదా అని తెలుసుకోకుండా ఇప్పుడు కూడా బండి నడవదు.

స్టేషన్ల మధ్య కూడా అంతే. ఇటు స్టేషన్ మాస్టరు బ్లాక్ ఇన్‌స్ట్రుమెంట్ మీద గంట కొడితే, అటు స్టేషన్ మాస్టరు అదే గంట తిరిగి కొట్టాల. తిరిగి కొట్టకపోతే కొట్టినట్టు లెక్క కాదు. దారిలో పట్టా పని జరుగుతుంటే కాషన్ ఆర్డరు డ్రైవరు చేతికిచ్చి సంతకం తీసుకుంటారు. "మేము చెప్పినాం, వాళ్ళే వినలేదు" అనే మాట రైల్వేలో చెల్లదు. మన యాప్ తీర్మానం మొత్తం ఆ మాట మీదే నిలబడింది. మెసేజ్ పంపినాం, మా బాధ్యత తీరింది అని.

మా ప్రతిపాదన ఇది. సంఘం రిజిస్టర్లో షుగర్ ఉందని రాయించుకున్నవాళ్ళు 40 మంది. రిటైరై ఇంట్లో కూర్చున్నవాళ్ళం మనలో కనీసం పది మందిమి ఉన్నాం. ఒక్కొక్కరికి నలుగురు. వారానికి రెండుసార్లు ఫోన్. ఒక్కో ఫోన్ మూడు నిమిషాలనుకుంటే వారానికి అర్ధగంట కూడా కాదు. రీచార్జిలో మాటలు ఎలాగూ ఉచితమే. పొద్దున లేస్తూనే గులాబీ పువ్వు, సూర్యుడు, గుడ్ మార్నింగ్ బొమ్మలు 60 మందికి పంపే టైం ఉంది మనకు. అందులోంచి తీద్దాం.

అడగాల్సినవి నాలుగు మాటలు. తిన్నావా? మాత్రలు ఇంకెన్ని దినాలకున్నాయి? కాళ్ళు చూసుకున్నావా, పుండు గానీ బొబ్బ గానీ ఉందా? ఈ వారంలో ఉపవాసం, పెండ్లి, ప్రయాణం ఏమైనా ఉందా? అంతే. మాత్ర పెంచు, తగ్గించు అని మనం ఒక్క మాట చెప్పకూడదు, అది డాక్టరు పని. మాత్రలు ఐపోవస్తే జన ఔషధికి పోయి తేవడానికి ఒకరిని తోడు పంపాల. కాలికి పుండంటే ఆ రోజే ఆస్పత్రి, రేపు కాదు. షుగర్ ఎక్కువున్నవాళ్ళకు కాలు మొద్దుబారి నొప్పే తెలీదు, మన ఎండల్లో చెప్పుల్లేకుండా గుడి ప్రదక్షిణం చేసి బొబ్బలెక్కినా తెలీదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళను ఎండాకాలంలో ఇంకొక మాట అడగాల, కరెంటు పోయినప్పుడు మందు ఎక్కడ పెడుతున్నావు అని. ఫ్రిజ్ లేని ఇంట్లో నీళ్ళు చల్లిన మట్టి కుండలో పెట్టుకోవచ్చని చాలామందికి తెలీదు. గడ్డకట్టే చోట పెట్టకూడదనీ తెలీదు.

కర్ణాటక ప్రభుత్వం 2024లో కోలారులో గృహ ఆరోగ్య అని మొదలుపెట్టింది, ఇంటింటికీ వచ్చి బీపీ, షుగర్ చూసే పథకం. ఆశా అక్క మన వీధికి వచ్చినప్పుడు తలుపేసుకోకుండా పిలిచి కూర్చోబెట్టండి, ఫోన్లో తెలిసిన సంగతి ఆ ఇంటివాళ్ళు ఒప్పుకుంటే ఆమెకు చెప్పొచ్చు.

మరి యాప్? పిల్లల మీద మాకు కోపం లేదు, వాళ్ళ చేతిలో విద్య ఉంది. యాప్ చేయండి. కానీ అది గుర్తుచేయాల్సింది పేషెంటుకు కాదు, మాకు. "ఈ రోజు ఈ నలుగురికి ఫోన్ చేయాల, ఫలానా ఆయన రెండుసార్లు ఎత్తలేదు, ఇంటికి పోయి చూడండి" అని ఫోన్ చేసేవాడి ఫోన్లో మోగాల. వినేవాళ్ళం మేము, మర్చిపోయేవాళ్ళమూ మేమే. ఇంకొక పని కూడా చేయొచ్చు. ఒక నంబరు పెట్టి, ఎవరైనా దానికి మిస్డ్ కాల్ ఇస్తే వెంటనే మాలో ఒకరు తిరిగి చేసే ఏర్పాటు. అక్షరం రాని అవ్వకు కూడా మిస్డ్ కాల్ ఇవ్వడం వచ్చు. దీనికి 18,000 అక్కర్లేదని పిల్లల్లోనే ఒకరు మాకు చెప్పినారు, పేరు చెప్పొద్దన్నారు.

ఆ డబ్బుకు లెక్క కూడా వేసినాం, క్లర్కు బుద్ధి ఎక్కడ పోతుంది. రెండు గ్లూకోమీటర్లు రెండువేలు. మిగిలిన 16,000కు, ఒక్కో స్ట్రిప్ 20 రూపాయలనుకుంటే 800 స్ట్రిప్పులు. 40 మందికి ఏడాదికి తలా 20. పచ్చ టిక్కు చూపించేది బొత్తాం నొక్కినారనే. స్ట్రిప్ చూపించేది నెత్తుట్లో ఉన్నది.

మేము కాల్ బుక్ ఒకటి కొన్నాం, 96 పేజీల రూళ్ళ పుస్తకం. మొదటి పేజీలో నలుగురి పేర్లు రాసి సోమవారం మొదలుపెట్టినాం. ఆ పుస్తకం మా ఇంటి బీరువాలో ఉంటుంది, ఎవరికీ చూపించం. ఒకరు ఎత్తలేదు, సాయంత్రం పోయి చూస్తే ఫోన్ మనవడి దగ్గర ఉంది, గేమ్ ఆడుతున్నాడు. ఒకరికి మాత్రలు మూడు దినాలకే ఉన్నాయి. ఒకాయన "పని లేదా మీకు" అని విసుక్కున్నాడు, గురువారం మళ్ళీ చేస్తే పది నిమిషాలు మాట్లాడినాడు, అందులో తొమ్మిది నిమిషాలు కొడుకు మీద చాడీలు. మా అక్క "ఇంకా తినలేదురా, రొట్టె పెనం మీదుంది" అనింది. పదైదు నిమిషాలాగి మళ్ళీ చేసినాం.

తీర్మానాన్ని మళ్ళీ చర్చకు పెట్టమని కార్యదర్శిగారికి నిన్న ఉత్తరమిచ్చినాం, రసీదు తీసుకున్నాం. ఈ ఆదివారం పదిన్నరకు మీటింగు. ఫోన్ చేసేదానికి ఒప్పుకునేవాళ్ళు తొమ్మిది మంది కావాల. పేరు కింద రాయొద్దు, నేరుగా మాకు ఫోన్ చేయండి. మా నంబరు సంఘం రిజిస్టర్లో ఉంది.